పప్పులో పది చుక్కలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు నర్సమ్మలు ఆమధ్య నాకు ఫోన్ చేసి, "మేడం, మెంటల్ ఓపీలో అన్నేళ్లు చేశారు కదా, మీ అనుభవాలు చెప్పండి, మాకు పనికొస్తాయి" అన్నారు. కాసేపు గర్వంగానే అనిపించింది. రిటైరై నాలుగేళ్లయింది. ఖమ్మంలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. రోజూ నాతో మాట్లాడేది టీవీ. అలాంటిదాన్ని పిలిచి అడిగేవాళ్లు దొరకడమే గొప్ప. తీరా కూర్చుని ఆలోచిస్తే నేను సాధించినవేవీ గుర్తుకు రాలేదు. ఒక మనిషి మొహం గుర్తొచ్చింది. కాబట్టి అమ్మాయిలూ, మీరు అడిగింది ఒకటి, నేను చెప్పబోయేది ఇంకొకటి. కాస్త ఓపిక పట్టి వినండి.

నేను పనిచేసిన దవాఖానా పేరు చెప్పను. భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుందనుకోండి, చాలు. ఒకవైపు బొగ్గుబావుల కాలనీలు, ఇంకోవైపు పోడు చేసుకునే ఊళ్లు. మానసిక వైద్యుడు వారానికి ఒక్కరోజు, గురువారం, ఖమ్మం నుంచి వచ్చేవారు. మిగిలిన ఆరు రోజులూ మా గది స్టోర్ రూమే. గురువారం పొద్దున సెలైన్ పెట్టెలు గోడకు నెట్టి, ఒక బల్ల, మూడు కుర్చీలు వేస్తే అది ఓపీ అయ్యేది. జనం దాని పేరు పలికేవారు కాదు, "గురువారం డాక్టరు" అనేవారు. తెలిసినవాళ్లు చూస్తారేమోనని కొందరు ముందు పంటి డాక్టరు వరుసలో నిలబడి, అటూ ఇటూ చూసి మెల్లగా మా వైపు జరిగేవారు.

డాక్టరుగారు మంచివారే. కానీ బస్సు దిగేసరికి పదకొండు దాటేది, బయట వందమంది. మనిషికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనూ మాట్లాడేది ఇంటివాళ్లే. "నిద్ర పోతున్నాడా? గొడవ చేస్తున్నాడా?" అని రెండు ప్రశ్నలు. నిద్ర పోతున్నాడు, గొడవ లేదు అంటే నేను కేసు షీటులో "బాగుంది, అవే మందులు" అని రాసేదాన్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆయన నాతోనే రాయించేవారు. ఎవరికి బాగుంది అని నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఇక నా మనిషి సంగతి. ఆయన బొగ్గుబావిలో, వాళ్ల మాటలో బాయిలో, లోపలి పని చేసేవాడు. నలభై దాటి ఉంటాయి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. లోపల తిండి దగ్గర వాళ్లకో పద్ధతి ఉంది. ఎవరి టిఫిన్ వాళ్లు తినరు. డబ్బాలన్నీ నడుమ పెట్టి మూతలు తీస్తారు, అందరి కూరల్లో అందరూ చెయ్యి పెడతారు. ఒకరోజు ఈయన తన డబ్బా తీసుకుని దూరంగా పోయి గోడ వైపు తిరిగి కూర్చున్నాడట. మర్నాటి నుంచి తోటివాళ్లు ఇచ్చిన నీళ్లు కూడా ముట్టలేదు. ఏందని అడిగితే, నా బువ్వలో ఏదో కలుపుతున్నారు అన్నాడు. ఆ సంగతి చెవిలో ఎవరో చెబుతున్నారని కూడా అన్నాడు. ఇంట్లో భార్య వండింది మాత్రం తినేవాడు. ఇంత పెద్ద లోకంలో ఆయనకు నమ్మకంగా మిగిలింది ఆ ఒక్క చెయ్యి. ఆమే ఆయన్ని మా దగ్గరికి తీసుకొచ్చింది.

మొదటి రోజు ఆయన బల్ల మీదికి వంగి, నాకొక్కదానికే వినబడేలా చెప్పాడు.

"సిస్టరమ్మా, నా బువ్వల ఏదో కలుపుతున్నరు. ఎవ్వలు నమ్ముతలేరు."

"ఎవరూ ఏమీ కలపరన్నా. అదంతా మీ అనుమానం. అది పోవడానికే ఈ గోళీలు" అన్నాను. అప్పటికి అది నిజమే.

గోళీలు పనిచేశాయి. అది కూడా చెప్పాలి, లేకపోతే మీరు నన్ను మందులకు శత్రువు అనుకుంటారు. నెలన్నర తిరిగేసరికి చెవిలో మాటలు సన్నగిల్లాయి. మళ్లీ బాయికి పోయాడు. కానీ నాలుగో నెలలో వచ్చినప్పుడు నడక మారింది. చేతులు ఊపకుండా, మోసుకొచ్చినట్టు పట్టుకుని నడుస్తున్నాడు. మొహంలో నవ్వు లేదు, ఏడుపూ లేదు. మాటిమాటికీ తువ్వాలుతో నోరు తుడుచుకుంటున్నాడు.

"చెవులల్ల మాటలు తగ్గినయ్ సిస్టరమ్మా. అవ్, గది నిజమే. అయితే నేను గూడ తగ్గిన" అన్నాడు.

ఏం తగ్గారు అని నేను అడగాలి కదా, అడగలేదు. ఆయనే చెప్పాడు. పైకప్పును ఇనుప కడ్డీతో కొడితే వచ్చే చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో, ఊడేలా ఉందో వాళ్లు చెప్పేస్తారట. "ఇప్పుడు గూడ సప్పుడు ఇనవడ్తది. గానీ అది ఏం చెప్తుందో తెలిసేసరికి ఆలస్యమైతుంది. నా ఎనక నలుగురుంటరు" అన్నాడు. ఆ భయంతో తనే చెప్పుకుని పైపనికి మారాడు. లోపలికి పోయేవాళ్లకు దీపాలు అందించే గదిలో కూర్చోబెట్టారు.

"కొన్నాళ్లకు అలవాటవుతుందన్నా" అన్నాను. డాక్టరుగారు అప్పటికే తర్వాతి కేసు చూస్తున్నారు. నేను "బాగుంది, అవే మందులు" అని రాశాను. మోతాదు తగ్గించొచ్చు, చేతులు బిగుసుకుపోవడం తగ్గడానికి ఇంకో గోళీ ఇవ్వొచ్చు, అసలు మందే మార్చొచ్చు. ఇవన్నీ డాక్టరుగారికి తెలుసు. ఆయనకు తెలియాల్సిన సంగతి నా బల్ల దగ్గరే ఆగిపోయింది. ఇలా ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ జరిగింది.

చివరికి ఆయన గోళీలు మానేశాడు. దొంగచాటుగా కాదు. మిగిలిన గోళీల కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "డోస్ తక్కువ చేస్తె ఏస్కుంట. గిట్లయితె నాతోని గాదు" అని చెప్పి మరీ మానేశాడు. అంత మర్యాదగా, అంత తెలివిగా మాట్లాడిన పేషెంటు నా సర్వీసులో ఇంకొకరు లేరు. నేను "మందులు నిరాకరిస్తున్నాడు" అని గుండ్రంగా రాశాను.

నెల తిరక్కముందే భార్య ఒక్కతే వచ్చింది. సన్నగా, ఎప్పుడూ కొంగు భుజం నిండా కప్పుకుని ఉండే మనిషి.

"మల్ల మొదలైంది సిస్టరమ్మా. పొద్దంత పెరట్ల నిలవడి ఎవలతోనో మాట్లాడుతుండు. పనికి పోతలేడు. గోళీ అంటె లేసి పోతుండు. నేనేం జెయ్యాలె?"

డాక్టరుగారు రంగూ రుచీ లేని చుక్కల మందు రాసి, "ఎలా ఇవ్వాలో సిస్టర్ చెబుతుంది" అని నా వైపు తోశారు. అప్పట్లో అందరూ చేసేదే. ఇప్పటికీ చేస్తున్నారని వింటున్నాను. ఆయనకు ఏది ఇష్టమని ఆమెను అడిగాను. పప్పు అంది. అయితే పప్పులో కలుపు అన్నాను.

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. తర్వాత, "ఆయనకు తెల్వకుంటనా? గదే గద సిస్టరమ్మా ఆయన భయం" అంది.

బడి మొహం పెద్దగా చూడని మనిషి. మాకందరికీ కనబడనిది ఆమెకు కనబడింది. నేనేమన్నానో తెలుసా? "తెలియకపోతే భయం ఎక్కడిది? నీ మనిషి నీకు కావాలా, వద్దా?" అన్నాను. గట్టిగానే అన్నాను, బయట వరుస పెరుగుతోంది మరి. ఆమె తలవంచుకుని సీసా అందుకుంది. మరచిపోకుండా ఉంటుందని సీసా మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, "రోజుకు పది చుక్కలు, పప్పులో" అని రాసిచ్చాను.

మా ఫార్మసిస్టు సారుకు ఆ రాత కనబడింది. ఆయన రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, నన్ను ఆటపట్టించందే పొద్దు గడవదు. "ఏంది సిస్టర్, మనది దవాఖాననా, హోటలా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "రేపు ఆయనకు తెలిస్తె ఏం జెప్తవ్?" అని అడిగాడు. తెలియదులే సార్ అన్నాను.

మూడు నెలలు నా ఉపాయం పారింది. ఆయన మళ్లీ దీపాల గదికి పోయాడు. ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయనలో ఒక కొత్త ధీమా ఉంది. "మాటలు తగ్గినయ్ సిస్టరమ్మా. గోళీ లేకుండనే తగ్గినయ్" అన్నాడు. తన మనసును తనే గెలిచానని అనుకుంటున్నాడు. అది చూసి నాకు సంతోషమే వేసింది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంకో రెండు కుటుంబాలకు కూడా ఇదే చిట్కా చెప్పాను.

లేవబోతూ ఆయన ఆగాడు.

"గానీ చెయ్యి మల్ల బిగుస్తుంది. నోట్లె ఊట గూడ అట్లనే ఉన్నది. గోళీ ఏస్కోనిది గిట్లెందుకైతది? నా బువ్వల ఏమన్న..."

భార్య నేల వైపు చూస్తోంది. నేను ఆయన కళ్లలోకి చూసి, "ఎవరూ ఏమీ కలపరన్నా. మీ అనుమానమే అది" అన్నాను. ఆయన తల ఊపాడు. భార్యతో, "సిస్టరమ్మ చెప్తుంది గద" అన్నాడు. ఆ మాటకు ఆమె మొహం ఎలా అయిందో నేను చూశాను. చూసి, తర్వాతి పేషెంటును పిలిచాను.

ఆ తర్వాతి నెలలో ఒక గురువారం, ముసురు పట్టిన రోజు, ఆయన ఒక్కడే వచ్చాడు. వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేదాకా ఆగి లోపలికి వచ్చి, చొక్కా జేబులోంచి సీసా తీసి నా ముందు పెట్టాడు. ప్లాస్టర్ అంచులు నల్లబడ్డాయి కానీ అక్షరాలు చక్కగా ఉన్నాయి.

"ఈ రాత నీదే గద సిస్టరమ్మా."

సీసా ఎక్కడ దొరికిందో ఆయనే చెప్పాడు. భార్యకు జ్వరం వచ్చిందట. ఆమెకు జావ కాద్దామని బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున ఇది తగిలిందట. నేను రాసిచ్చిన మందుల చీటీలన్నీ ఆయన దాచిపెట్టుకున్నాడు, పక్కన పెట్టి పోల్చుకున్నాడు.

"నేను అడిగిన నాడు నువ్వు నా కండ్లల్లకు సూసి చెప్పినవ్. అనుమానం అన్నవ్. మల్ల ఇదేంది?"

అరవలేదు. బల్ల చరచలేదు. బిగుసుకుపోయిన చేతులను ఒళ్లో పెట్టుకుని, నిజంగా జవాబు కోసమే అడిగాడు. డాక్టరుగారు తలెత్తి సీసా చూసి, నన్ను చూశారు. చుక్కలు రాసింది ఆయన, కలపమన్నది నేను. ఆ గదిలో మా ఇద్దరికీ ఉద్యోగాలూ చదువులూ ఉన్నాయి, నిజం చెబుతున్నది మాత్రం ఎదురుగా కూర్చున్న ఆ మనిషి ఒక్కడే. అవునన్నా, నేనే చెప్పాను, తప్పయింది అంటే సరిపోయేది. అర నిమిషం పని. ఆ అర నిమిషంలో వరుసలో ఉన్నవాళ్లు వింటారని, రేపటి నుంచి ఎవరూ నన్ను నమ్మరని భయపడ్డాను.

"సార్, మళ్లీ అనుమానం ఎక్కువైనట్టుంది" అన్నాను.

డాక్టరుగారు కాసేపు పెన్ను తిప్పి, నెలకోసారి ఇంజెక్షన్ మొదలుపెడదాం అన్నారు. నేను కేసు షీటులో "అనుమానం పెరిగింది" అని రాశాను. ఆయన నా పెన్ను కదులుతున్నంతసేపూ చూశాడు. ఏం రాశావని అడగలేదు. లేచి, తడిసిన చెప్పులతో, వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయాడు. సీసా బల్ల మీదే ఉంది.

ఆయన మళ్లీ రాలేదు. రెండు వారాలకు భార్య వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెరట్ల మూడు రాళ్లు పెట్టుకోని ఆయనే వండుకుంటుండు. ఉప్పు డబ్బకు తాళమేసుకుంటుండు. ఇరవై ఏండ్లు వండిపెట్టిన సిస్టరమ్మా. ఇయ్యాల నా చేతిల నీళ్లు గూడ తాగుతలేడు. నన్నేమన్న తిడ్తె బాగుండు, తిడ్తలేడు. నువ్వు చెప్తెనే కలిపిన. ఒక్కసారి మా ఇంటికొచ్చి చెప్పు. నువ్వే కలపమన్నవని ఆయన ముందట చెప్పు."

వస్తానన్నాను. వెళ్లలేదు. మొదటి వారం తీరిక లేదనుకున్నాను. తర్వాత, వెళితే పాత గాయం కెలికినట్టవుతుంది అనుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఏడేళ్లు గడిచాయి. ఆయన పని మానేసి సొంత ఊరికి, ఏన్కూరు వైపు, వెళ్లిపోయాడని విన్నాను. నా ఇంట్లోనూ ఆ ఏళ్లు అలాగే గడిచాయి. మా ఆయన పోయాక ఒక్కదాని కోసం కూర వండుకోవడానికి చేతులు రాక పచ్చడి మెతుకులతో సరిపెట్టుకున్న రోజుల్లో, పెరట్లో మూడు రాళ్ల ముందు కూర్చున్న ఆ మనిషి ఊరికే గుర్తొచ్చేవాడు. నాకు తోడు లేకుండా పోయింది, సరే. ఆయనకు పక్కనే తోడు ఉండి కూడా లేకుండా చేశాను.

నా సర్వీసు ఆఖరి సంవత్సరంలో గురువారాలకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, నా కూతురి వయసు ఉండదు. ఇంటివాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టి, పేషెంటునే అడిగేది, "ఈ మందు వేసుకుంటే మీకేం దక్కింది, ఏం పోయింది?" అని. సాయంత్రం ఆరైనా వరుస తరిగేది కాదు, మేమంతా సణుక్కునేవాళ్లం. కానీ నా ముందు ఏళ్లుగా నోరు విప్పనివాళ్లు ఆమె ముందు మాట్లాడుతుంటే వినక తప్పలేదు. ఒకామె, గోళీ వేసుకుంటే నా బిడ్డను ఎత్తుకున్నా ఎత్తుకున్నట్టు అనిపిస్తలేదు అని చెప్పింది. ఆమె కేసు షీటులో మూడేళ్లుగా ఉన్నది "బాగుంది" అన్న నా రాత.

ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఆయన కథంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పాత కేసు షీటు వెతికించి, చదివి, "ఇందులో ఉన్నది తప్పు కదా మేడం. మీరు సరిచేయొచ్చు" అంది. "అనుమానం పెరిగింది" కింద, "అనుమానం కాదు, నిజం. కలపమన్నది నేను" అని రాసి సంతకం పెట్టాను. రాయడం తేలికే. కాగితం తిరిగి ప్రశ్న అడగదు కదా.

అమ్మాయిలూ, మీకు చెప్పదలచుకున్నది ఇంతే. మందు వద్దన్న మనిషి మీకు ఒక సంగతి చెబుతున్నాడు. అది వినడానికి రెండు నిమిషాలు చాలవు, నిజమే. చాలవని పైవాళ్లతో పోట్లాడండి. అంతేగానీ వంటింట్లోకి దారి వెతక్కండి. ఇల్లు చక్కబెట్టామనుకుంటాం, ఆ ఇంట్లో ఒక మనిషి ఇంకొక మనిషి చేతి ముద్దకు దూరమవుతాడు.

కేసు షీటు సరిచేసిన తర్వాతి ఆదివారం ఏన్కూరు బస్సెక్కాను. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. పెరట్లో ఒక పొయ్యి, వసారాలో ఇంకో పొయ్యి. ఆయన తల పూర్తిగా నెరిసింది. గుర్తుపట్టాడు, కూర్చోమని మంచం వాల్చాడు. భార్య వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది.

నేను కూర్చోకుండానే చెప్పాను. "అన్నా, ఆరోజు మీరు చెప్పింది నిజం. మీ బువ్వలో కలపమన్నది నేను. మీ ఆమె వద్దంది, నేనే గదమాయించి పంపాను. మీకు అబద్ధం చెప్పాను. కాగితంలో కూడా అబద్ధం రాశాను."

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు.

"మల్లొక్కసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఈసారి పక్కింటివాళ్లకు వినబడేంత గట్టిగా చెప్పాను. వసారాలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె వైపు చూశాడు. ఏదో అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఏడేళ్ల అలవాటు ఒక మాటతో పోతుందని బస్సులో వస్తూ నాకు నేను చెప్పుకున్నదంతా పిచ్చి ఆశే. చెవిలో మాటలు ఇంకా వస్తాయట, తగ్గినప్పుడు తగ్గుతాయట. డాక్టరమ్మ చాలా తక్కువ మోతాదుతో మొదలుపెడుతుందని, ఆయన చేత్తో ఆయనే వేసుకోవచ్చని, వద్దంటే ఆపేస్తుందని చెప్పాను. "సూస్త" అన్నాడు.

లేవబోతుంటే, "ఎండల వడి వచ్చినవ్, తినిపో" అన్నాడు. పెరటి పొయ్యి మీది గిన్నెలోంచి అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి పళ్లెం నా ముందు పెట్టాడు. ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. నేను అన్నం కలిపి ముద్ద ఎత్తాను. నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగింది. పళ్లెంలోకి ఒకసారి చూశాను. కావాలని కాదు, కళ్లు వాటంతట అవే చూశాయి.

తలెత్తేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. కోపం లేదు.

"అవ్ సిస్టరమ్మా, గట్లనే అనిపిస్తది" అన్నాడు. "తిను. ఏం కలపలే."